ఒడ్డున మిగిలినవాళ్ల కథలు

నండూరి రామమోహనరావు తెలుగు చేసిన ‘కాంచన ద్వీపం’ చదివినవాళ్లకు దాని ముగింపు గుర్తుండే ఉంటుంది. హిస్పానియోలా ఓడ నిధిని మోసుకుని ఇంగ్లండు చేరుతుంది. బతికి బయటపడ్డవాళ్లు తలా ఇంత పంచుకుంటారు. కథ చెప్పే కుర్రవాడు జిమ్ హాకిన్స్ ఇక జన్మలో ఆ దీవి మొహం చూడనంటాడు. మూల రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ మాత్రం తలుపు పూర్తిగా మూయలేదు. ఫ్లింట్ పాతిపెట్టిన వెండి కడ్డీలు దీవిలోనే ఉండిపోయాయి. తిరగబడ్డ నావికుల్లో ముగ్గురిని అక్కడే వదిలేసి ఓడ కదిలింది; ఇసుక తిన్నె మీద మోకరిల్లి వాళ్లు చేతులు జోడించి వేడుకుంటున్నా ఆగలేదు. ఒంటికాలి జాన్ సిల్వర్ దారిలో ఒక రేవు దగ్గర నాణేల సంచీతో మాయమయ్యాడు. 1881 అక్టోబరు నుంచి 1882 జనవరి దాకా ఒక పిల్లల వారపత్రికలో ధారావాహికగా నడిచి, 1883లో పుస్తకమైన నవల ఇది. అప్పటినుంచి ఇప్పటిదాకా ఎందరో రచయితలు ఆ వెండి కోసం, ఆ ముగ్గురి కోసం, సిల్వర్ కోసం మళ్లీ ఓడలు కడుతూనే ఉన్నారు.

సముద్ర సాహస కథలకే ఇలాంటి కొనసాగింపులు ఇంత విరివిగా పుట్టడానికి కారణం ఆ కథల తీరులోనే ఉంది. ఊరి కథలో పాత్రలు కొట్టుకున్నా తిట్టుకున్నా అదే ఊళ్లో ఉంటాయి. ఎవరి సంగతి ఏమైందో ఎప్పుడో ఒకప్పుడు తెలుస్తుంది. ఓడ కథ అలా కాదు. లంగరు ఎత్తిన క్షణంలో ఒడ్డున ఉన్నవాళ్లంతా కథలోంచి జారిపోతారు. కథ చెప్పేది ఎప్పుడూ ఓడ ఎక్కినవాడే. దీవిలో దొరికిన మనిషి, రేవులో సరుకు మోసిన కూలీ, గని తవ్విన స్త్రీ, పడవ నడిపిన జాలరి, వీళ్లెవరికీ మాట రాదు. అందుకే మంచి కొనసాగింపు నవలను గుర్తుపట్టడానికి నా దగ్గర ఒకటే కొలత ఉంది: అది ఓడ మీదనుంచి మొదలైందా, ఒడ్డునుంచి మొదలైందా? నిధి కోసం మళ్లీ అదే దారిన పోయేవి చదివినంతసేపు ఉంటాయి. పాత కథ ఎవరిని వదిలేసి వచ్చిందో వాళ్ల దగ్గరికి పోయేవి నిలుస్తాయి. ఈ కొలతతో చూస్తే, ప్రపంచానికి తెలిసిన కొన్ని పెద్ద సముద్ర కథలు వదిలేసి వెళ్లిన ఒడ్డుల్లో తెలుగు తీరం కూడా ఒకటి. వాటిని కొనసాగించే హక్కు మనకూ ఉందనడానికి అదే ఆధారం.

స్టీవెన్సన్ కథకు వచ్చిన కొనసాగింపులనే తీసుకుందాం. ఆర్.ఎఫ్. డెల్డర్‌ఫీల్డ్ 1956లో, దీవిలో ఏళ్ల తరబడి ఒంటరిగా పడి ఉన్న బెన్ గన్‌ను ముందుకు తెచ్చి అతని జీవితం చెప్పించాడు. స్వీడన్ రచయిత బ్యోర్న్ లార్సన్ 1995లో మడగాస్కర్‌లో ముసలివాడైన సిల్వర్ చేత ఆత్మకథ రాయించాడు; బానిసలను మోసిన ఓడల చీకటి ఆ నవలలో పెద్ద భాగం. బ్రిటన్ ఆస్థానకవిగా పదేళ్లు పనిచేసిన ఆండ్రూ మోషన్ 2012లో ‘సిల్వర్’ రాశాడు. అందులో జిమ్ కొడుకు, సిల్వర్ కూతురు కలిసి మిగిలిన వెండి కోసం బయల్దేరుతారు. వాళ్లకు అక్కడ ఎదురయ్యేది ఆ ముగ్గురు దిక్కులేని నావికులే. కాకపోతే వాళ్లిప్పుడు, తీరంలో బద్దలైన బానిసల ఓడనుంచి బతికి బయటపడ్డవాళ్లను చెప్పుచేతల్లో పెట్టుకుని చిత్రహింసలు పెట్టే యజమానులు. ఇక్కడ రచయిత చేసిన పని చూడండి. మూలంలో ఒక పేరాలో ముగిసిన నిర్దయకు దాదాపు నలభై ఏళ్ల తర్వాత ఎలాంటి పంట వస్తుందో చూపించాడు. పద్దెనిమిదో శతాబ్దపు అట్లాంటిక్ సముద్రం మీద నిజంగా నడిచిన వ్యాపారమేమిటో స్టీవెన్సన్ సాహసకథలో దాదాపు కనిపించదు. కొనసాగింపులోకి వచ్చేసరికి చరిత్ర దాన్ని వెనక్కి తెచ్చి నిలబెట్టింది.

మనదేశపు పాఠకుడికి ఇంకా దగ్గరి ఉదాహరణ జూల్ వెర్న్‌ది. 1869–70లో వచ్చిన సముద్రగర్భ యాత్ర నవలలో కెప్టెన్ నీమో ఏ దేశంవాడో, ఎవరిమీద పగబట్టాడో వెర్న్ చెప్పలేదు. మొదట అతన్ని రష్యాపై కసిగల పోలండు ప్రభువుగా అనుకున్నాడు. ప్రచురణకర్త ఒప్పుకోలేదు, దాంతో వెర్న్ ఆ సంగతి దాచి ఉంచాడు. తర్వాత 1874–75లో ‘మిస్టీరియస్ ఐలాండ్’ రాసినప్పుడు ఆ ముసుగు తీశాడు. నీమో బుందేల్‌ఖండ్ రాజకుమారుడు డక్కర్, టిప్పు సుల్తాన్‌కు బంధువు, 1857 పోరాటంలో భార్యాబిడ్డలను పోగొట్టుకున్నవాడు. మొదటి పుస్తకంలో భారతీయుడంటే నీమో సొరచేప నుంచి కాపాడిన ముత్యాల వేటగాడే. రెండో పుస్తకం రాకపోతే కథానాయకుడే భారతీయుడని మనకు తెలిసేది కాదు. కొనసాగింపు మూలాన్ని పాడుచేస్తుందనేవాళ్లు దీన్ని ఆలోచించాలి. ఈ రెండోది చదివాక మొదటిదాన్ని తిరగేస్తే, అందులోని ప్రతి యుద్ధనౌక మునకా ఇంకో అర్థం చెబుతుంది. వెర్న్ తానే 1897లో, అంతకు 59 ఏళ్ల ముందు ఎడ్గార్ ఆలన్ పో దక్షిణ ధ్రువం దగ్గర అర్ధాంతరంగా వదిలేసిన నావికుడి కథను కూడా అందుకుని ముగించాడు. గొప్ప రచయితలు ఈ పనిని చిన్నతనంగా భావించలేదు.

అయినా, ఒకరి పాత్రలు ఇంకొకరు తీసుకోవడం ఎంగిలి కూడు కాదా అనే ప్రశ్న పోదు. అలా వచ్చినవాటిలో ఎక్కువభాగం పేలవమైనవేనన్నది నిజం. దాన్ని కప్పిపుచ్చాల్సిన పనిలేదు. కాని పేలవత్వానికి కారణం రచయిత మారడమే అనుకుంటే, డేనియల్ డిఫో సంగతేమిటి? ‘రాబిన్సన్ క్రూసో’ 1719 ఏప్రిల్‌లో వస్తే, నాలుగు నెలల్లోనే డిఫోనే రెండో భాగం తెచ్చాడు. క్రూసో మడగాస్కర్ మీదుగా బెంగాల్ చేరి, సయామూ చైనాలతో వ్యాపారం చేసి, సైబీరియా దాటి ఇల్లు చేరతాడు. ఆ ప్రయాణంలో బ్రెజిల్ తీరం దగ్గర ఫ్రైడే బాణాలు తగిలి చనిపోతాడు, నాలుగు మాటల్లో. మొదటి భాగంలో ప్రాణమిచ్చి సేవ చేసిన మనిషికి దక్కిన వంతు అది. అసలు క్రూసో ఓడ పగిలిందే ఆఫ్రికా నుంచి బానిసలను తేవడానికి పోతుండగా. ఆ లెక్క రెండో భాగం ముట్టుకోనేలేదు. రచయిత ఒకడే, పాత్రలు అవే, కాని ఒడ్డువైపు చూపు లేదు. ఆ చూపుతో రాసింది 267 ఏళ్ల తర్వాత దక్షిణాఫ్రికావాడు జె.ఎం. కూట్సీ. అతని ‘ఫో’ నవలలో ఫ్రైడేకి నాలుక ఉండదు. కథంతా ఆ మాటలేమి చుట్టూ తిరుగుతుంది. కాబట్టి అసలు రచయితా కాదా అన్నది ఇక్కడ తేల్చేది చాలా తక్కువ.

క్రూసో దగ్గరే కాసేపు ఆగాలి, ఎందుకంటే ఆ కథ మూలాల్లో ఒకటి మన బందరు దగ్గర ఉంది. దీవిలో నాలుగేళ్లు ఒంటరిగా గడిపిన అలెగ్జాండర్ సెల్కిర్క్ క్రూసోకు ప్రధాన నమూనా అని అందరికీ తెలిసిందే. పండితులు గుర్తించిన ఇంకో నమూనా రాబర్ట్ నాక్స్. ఈస్టిండియా కంపెనీ ఓడ ‘యాన్’కు అతని తండ్రి కెప్టెన్. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా ఏలుబడిలోని మచిలీపట్నం తీరంలో ఆ ఓడ సరుకు ఎక్కించుకుంటుండగా, 1659 నవంబరు 19న పెనుతుపాను విరుచుకుపడింది. చుట్టూ ఉన్న ఓడలు కొన్ని నాశనమయ్యాయి. ‘యాన్’ మునగకుండా కాపాడుకోవడానికి దాని పెద్ద తెరచాప కొయ్యను నరికి సముద్రంలో పడేశారు. కొత్త కొయ్య వేయించుకోవడానికి సింహళం వెళితే, అక్కడ కాండీ రాజు మనుషులు తండ్రీకొడుకులను, మరికొందరు నావికులను పట్టుకున్నారు. తండ్రి అక్కడే చనిపోయాడు. కొడుకు దాదాపు ఇరవై ఏళ్ల చెర తర్వాత 1679లో తప్పించుకుని, 1681లో పుస్తకం అచ్చువేశాడు. ఒంటరితనం, సొంత చేతులతో ఇల్లు కట్టుకోవడం, బైబిలు ఓదార్పు, అన్నీ అందులో ఉన్నాయి. డిఫోకు ఆ పుస్తకం బాగా తెలుసు. 1720లో రాసిన ‘కెప్టెన్ సింగిల్టన్’లో నాక్స్ కథను పేరుతో సహా వాడుకున్నాడు. బందరు తుపాను లేకపోతే నాక్స్ చెర లేదు. ఆ తుపాను గురించి మనకున్న సాక్ష్యం ఓడ మీదివాళ్లది. బందరు దగ్గర సముద్రం లోతు తక్కువ కాబట్టి పెద్ద ఓడలు దూరాన లంగరు వేసేవి. సరుకు మోసేది ఒడ్డున పుట్టి పెరిగిన పడవవాళ్లు. ఆ రోజు ఎన్ని పడవలు పోయాయో, ఏ గుడిసెలు కొట్టుకుపోయాయో నాక్స్ రాయలేదు. ఒక తెలుగు నవలాకారుడు క్రూసోను కొనసాగించదలిస్తే మొదలుపెట్టాల్సిన చోటు అదే అనిపిస్తుంది.

సింద్‌బాద్ రెండో యాత్రలోని వజ్రాల లోయ కూడా ఇలాంటిదే. దిగలేని లోయలోకి వర్తకులు మాంసం ముక్కలు విసురుతారు, వాటికి వజ్రాలు అంటుకుంటాయి, గద్దలు ఎత్తుకొస్తాయి. పదమూడో శతాబ్దం చివర్లో మన తీరం సంగతులు రాసిన మార్కో పోలో ఇదే ముచ్చటను మోటుపల్లి రాజ్యానికి అంటగట్టాడు; వివేకంగల రాణి ఏలుతున్న ఆ దేశంలో సాలెగూడంత సన్నని బట్టలు నేస్తారని కూడా రాశాడు. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారుల మాట. గద్దల కథ మన దగ్గర పుట్టిందని చెప్పను. నాలుగో శతాబ్దపు క్రైస్తవ గ్రంథంలోనే అలాంటిది ఉంది. కాని అది సముద్రం మీద తిరిగి తిరిగి కాకతీయుల రేవులో లంగరు వేయడం కాకతాళీయం కాదు, వజ్రాలు నిజంగా ఉన్నచోటుకే అది చేరింది. ఆ వజ్రాలను తీసింది గద్దలు కావు. పదిహేడో శతాబ్దంలో కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులు చూసిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, అక్కడ ఆడా మగా పిల్లలూ కలిపి 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. సింద్‌బాద్ సంచీ నింపుకుని వెళ్లిపోయిన లోయలో ఆ 60,000 మందీ ఉన్నారు.

సముద్రం ఒడ్డునున్న కోస్తావాళ్లకు ఇది సరే, మా రఘునాథపల్లికీ సముద్రానికీ ఏమిటి సంబంధం అని ఇక్కడ అడగొచ్చు. కాజీపేట నుంచి సికింద్రాబాద్ పోయే రైలు దారిలో ఉన్న ఈ జనగామ జిల్లా మండలానికి దగ్గరి ఉప్పునీరు సుమారు రెండువందల యాభై కిలోమీటర్ల దూరం. ఇక్కడి నీళ్లంటే చెరువు నీళ్లే. ప్రశ్న న్యాయమైనదే, కాని మ్యాపు కొంచెం వెనక్కి జరిపి చూడాలి. రఘునాథపల్లి ఓరుగల్లుకూ గోల్కొండకూ మధ్య ఉంది. ఈ రెండు కోటలూ సముద్రం చూడని రాజధానులే, రెండింటికీ సముద్రంలోకి ఒక వాకిలి ఉంది: ఓరుగల్లుకు మోటుపల్లి, గోల్కొండకు బందరు. ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో గణపతిదేవుడు 1244–45లో వేయించిన అభయశాసనం భారతీయ సముద్ర చరిత్రలోనే అరుదైన పత్రం. ఒక దేశంనుంచి ఇంకో దేశానికి పోతూ తుపానులో పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, సమస్తాన్నీ వెనకటి రాజులు బలవంతంగా లాక్కునేవారని ఆ శాసనమే ఒప్పుకుంటుంది. ప్రాణం కంటే ధనం ఎక్కువనుకుని సముద్రంలోకి దిగేవాళ్లమీద దయతో, ఇకమీదట నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోమని రాజు మాట ఇచ్చాడు. ఎగుమతి దిగుమతులమీద సుంకం 30లో ఒక వంతు. చందనం, కర్పూరం, చైనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, ఒక్కొక్కటీ పేరుపేరునా పట్టీలో ఉంది. ఓడ మునిగినవాడి హక్కు గురించి ఆలోచించిన ఆ రాజు సముద్రానికి అన్ని ఆమడల దూరాన, మన చెరువుల మధ్య కూర్చుని పాలించాడు.

ఆ పట్టీలో రాగి, తుత్తునాగం కూడా ఉన్నాయి. ఆ రెండూ కలిస్తే ఇత్తడి. జనగామ పక్కనే పెంబర్తి ఉంది, అక్కడి ఇత్తడి రేకు పని కాకతీయుల కాలంనుంచీ వస్తోందని చెప్పుకుంటారు. పెంబర్తి కంచరి మూసలో కరిగిన రాగి మోటుపల్లిలో దిగిందో లేదో ఏ శాసనమూ చెప్పదు. చరిత్రకారుడు అక్కడ ఆగిపోవాలి. నవలాకారుడు అక్కడే మొదలుపెట్టాలి. మన చారిత్రక నవల గొప్పదే. అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’, నోరి నరసింహశాస్త్రి ‘రుద్రమదేవి’ చదివి కాకతీయ యుగాన్ని కళ్లకు కట్టినట్టు చూసుకున్న తరాలున్నాయి. కాని ఆ ఊహంతా కోటల చుట్టూ, గుర్రాల వీపుమీద నడిచింది. గుర్రాలు మాత్రం ఓడల్లో వచ్చాయి. గన్నారెడ్డి లాంటి వీరుడు ఎక్కిన మేలుజాతి గుర్రం ఏ రేవులో దిగింది, సముద్రం మీద అన్ని రోజులు దానికి నీళ్లు పట్టిందెవరు, రేవునుంచి ఓరుగల్లు దాకా నడిపించుకొచ్చిందెవరు? ఈ ప్రశ్నలు అడిగిన క్షణం, మనకు బాగా తెలిసిన కథకే ఎవరూ రాయని సముద్ర భాగం ఒకటి ఉందని అర్థమవుతుంది.

ఇంకో అభ్యంతరం ధర్మశాస్త్రం వైపునుంచి వస్తుంది. సముద్రయానం చేసినవాడు పతితుడని బోధాయనుడు రాశాడు కదా, మన సంప్రదాయంలో సాగర సాహసం ఎక్కడుంది అంటారు. నిషేధం రాసిపెట్టారంటేనే వెళ్లేవాళ్లున్నారని అర్థం. కృష్ణా జిల్లా ఘంటసాలలో మహానావికుడని పేరు చెప్పుకున్నవాడి శాసనం ఉంది, శాతవాహనుల నాణేలమీద రెండు కొయ్యల ఓడ ఉంది. సాహిత్య సాక్ష్యం ఇంతకంటే గట్టిది. ఏడు, ఎనిమిదో శతాబ్దాల నాటి దండి ‘దశకుమారచరిత్ర’లో మిత్రగుప్తుణ్ణి సంకెళ్లతో సముద్రంలో తోసేస్తారు; ఒక కొయ్యముక్క పట్టుకుని తేలుతుంటే యవనుల ఓడ పైకి లాగుతుంది; ఆ ఓడమీద శత్రు నౌకలు దాడి చేస్తే, సంకెళ్లు విప్పించుకుని విల్లు పట్టి గెలిపిస్తాడు. స్టీవెన్సన్‌కు పదకొండు వందల ఏళ్ల ముందటి సముద్ర యుద్ధం అది. ఇంకో కుమారుడు మంత్రగుప్తుని కథలో ఆంధ్రదేశపు రాజు జయసింహుడు నీటిమీద వాహనాల్లో సేనను తీసుకొచ్చి, సముద్రతీరంలో విహారానికొచ్చిన కళింగరాజును కుటుంబంతో సహా పట్టుకుపోతాడు. కల్పితమైన రాజే కావచ్చు. కాంచీపురం కవి ఊహలో ఆంధ్రుడంటే నౌకాబలం ఉన్నవాడన్నది గమనించాలి.

ఈ దశకుమారచరిత్రే నా వాదనకు అన్నిటికంటే పెద్ద ఆధారం, ఎందుకంటే మనకు దక్కిన దండి గ్రంథానికి మొదలూ లేదు, చివరా లేదు. తర్వాతి కాలపు వేరే చేతులు దానికి పూర్వపీఠిక, ఉత్తరపీఠిక రాసి అతికాయి. వాటిలో పూర్వపీఠిక సముద్రం మీదికే పోయింది: రత్నోద్భవుడనే వర్తకుడు కాలయవన ద్వీపం వెళ్లి, అక్కడ పెళ్లాడి, గర్భవతి అయిన భార్యతో తిరిగొస్తుండగా ఓడ మునుగుతుంది. అంటే ఒక ప్రసిద్ధ సాహసకథకు ఇంకొకరు రాసిన ముందుకథలో ఓడ మునక. తెలుగులో ఇలాంటి పనికి ఎవరైనా కవిత్రయ భారతాన్ని చూపిస్తారు. అది వేరు, అక్కడ పూర్తయిన సంస్కృత మూలం ఎదురుగా ఉంది. ఇక్కడ మూలమే తెగిపోయింది, తెగినచోట కల్పన పెట్టారు. ఆ కథను పదమూడో శతాబ్దంలో, గణపతిదేవుడు మోటుపల్లి శాసనం వేయించిన కాలంలోనే, మూలఘటిక కేతన తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చాడు. అభినవ దండి అన్న పేరు తెచ్చుకున్నాడు. ఏడువందల ఏళ్లు గడిచాక 1924లో మానవల్లి రామకృష్ణకవి ‘అవంతిసుందరీకథ’ను వెలికితీసి అచ్చువేశారు, దండి గ్రంథం పోగొట్టుకున్న మొదటి భాగం ఇదేనేమోనని పండితులు అప్పటినుంచీ వాదించుకుంటున్నారు. ఒక కథను పోగొట్టుకోవడం, పూరించడం, తెలుగు చేయడం, మళ్లీ వెతికి పట్టుకోవడం అన్నీ చేసిన సంప్రదాయం మనది. కొనసాగింపు నవల పడమటి దిగుమతి అనేవాళ్లకు ఇంతకంటే చెప్పేదేముంది?

చరిత్రను నవలాకారుల చేతికిస్తే వక్రీకరిస్తారన్న భయం మాత్రం తేలిగ్గా తోసేయదగ్గది కాదు. సాహసకథ వేగానికి అలవాటుపడ్డ పాఠకుడు కల్పించిన పేరునే చరిత్రగా నమ్మేస్తాడు. సినిమాలతో అది రోజూ చూస్తున్నాం. దీనికి జవాబు నవల రాయొద్దనడం కాదు, ఎక్కడ కల్పించాలో తెలిసి రాయడం. శాసనం చెప్పినదాన్ని మార్చకూడదు. సుంకం 30లో ఒక వంతు అంటే అంతే. పట్టీలో లేని సరుకు కథ అవసరానికి దింపకూడదు. తుపాను తేదీ జరపకూడదు. శాసనం మాట్లాడనిచోట, అంటే కూలీ పేరు, పడవవాడి కోపం, రేవు అధికారి లంచం, వర్తకుడి భార్య ఎదురుచూపు, అక్కడ ఎంత స్వేచ్ఛ కావాలంటే అంత ఉంది. పొరుగున తమిళులు ఈ పని చాలాకాలంగా చేస్తున్నారు. కల్కి 1950 నుంచి 1954 దాకా ధారావాహికగా రాసిన ‘పొన్నియిన్ సెల్వన్’లో తుపానులో ఓడ తగలబడటం, పడవ నడిపే పూంగుళలి అన్నీ ఉన్నాయి, ఆ పాత్రలను తీసుకుని తర్వాత విక్రమన్ ‘నందిపురత్తు నాయకి’ రాశారు. మూలంమీద పాఠకుల ప్రేమ దానివల్ల తగ్గలేదు.

చివరి అభ్యంతరం రాజకీయమైనది, నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ అదే. సముద్ర సాహస నవల వలసరాజ్యాల బిడ్డ. దీవి కనపడితే జెండా పాతడం, నల్లవాణ్ణి సేవకుణ్ణి చేసుకోవడం దాని నెత్తురులోనే ఉంది. అలాంటి సాహిత్యాన్ని మనమెందుకు సాగదీయాలి అంటారు. ‘కాంచన ద్వీపం’లో సిల్వర్ తన చిలుక గోవా వైస్రాయి ఓడ దోపిడీ చూసిందని చెప్పుకుంటాడు, హిందూమహాసముద్రం ఆ కథకు దోచుకునే చోటు మాత్రమే. నిజమే. కాని ఆ పుస్తకాలను పక్కన పెట్టేస్తే వాటి చూపే చివరి చూపుగా మిగిలిపోతుంది. ఫ్రైడే గొంతు కూట్సీ దాకా రాలేదు, నీమో దేశం రెండో పుస్తకం దాకా తెలియలేదు. కొల్లూరు గనివాళ్ల వంతు, బందరు పడవవాళ్ల వంతు ఇంకా రాలేదు. అది రాయగలిగినవాళ్లు ఆ నేల భాష తెలిసినవాళ్లే.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే నేను రత్నోద్భవుడి పేరు చెబుతాను. పూర్వపీఠిక అతని ఓడను ముంచింది, మనుషులను మాత్రం మిగిల్చింది. సరుకు సంగతి ఎవరూ అడగలేదు. పగిలిన ఓడ సరుకు ఎవరిది అన్న ప్రశ్నకు 1244కు ముందు మన తీరంలో ఒక జవాబు ఉండేది, తర్వాత ఇంకో జవాబు వచ్చింది. ఈ రెండు జవాబుల మధ్య ఒక ఓడను పగలగొట్టండి. అప్పటిదాకా కొట్టుకొచ్చిన సరుకుమీద బతికిన రేవు అధికారి, ఆ సరుకు తనదేనని నిలబడ్డ పరదేశి వర్తకుడు, ఒడ్డుకు చేర్చినందుకు కూలి కూడా దక్కని జాలరి, తీర్పు కోసం మోటుపల్లి నుంచి ఓరుగల్లుకు నడిచే దారి, అన్నీ అందులోనే ఉన్నాయి. శాసన పాఠం అచ్చులో ఉంది, కేతన కావ్యమూ అచ్చులో ఉంది. స్టీవెన్సన్ చనిపోయి 130 ఏళ్లు దాటింది కాబట్టి సిల్వర్‌ను మోటుపల్లికి తీసుకురావాలన్నా అడిగేవాళ్లు లేరు. స్టీవెన్సన్ నవలా, కల్కి నవలా మొదట వారం వారం పత్రికల్లోనే పాఠకుల చేతికి అందాయి. ధారావాహికలకు చోటు తగ్గించుకున్న మన వారపత్రికలు ఇలాంటి ఒక్క నవలకు ఏడాదిపాటు నాలుగు పేజీలు కేటాయించి చూడాలి.